ఆట తగ్గినా బొమ్మ నిలిచింది: లేపాక్షి నుంచి నిమ్మలకుంట దాకా



మన తండాల్లో, కాలనీల్లో బొమ్మలు వేసే చెయ్యి ఉన్న పిల్లలు, అద్దాల కుట్టు వచ్చిన ఆడపిల్లలు, డప్పు పట్టుకుంటే ఊరిని లేపే కుర్రాళ్లు తక్కువేం లేరు. వాళ్ల ఇళ్లలో పెద్దలు వేసే ప్రశ్న మాత్రం ఒక్కటే: "ఇది కూడు పెడుతుందా?" ఆ ప్రశ్నను తప్పుపట్టలేం. కరువు చూసినవాళ్లు, వలసకు పోయి తిరిగొచ్చినవాళ్లు అడిగే ప్రశ్న అది. దానికి ఉపన్యాసంతో జవాబు చెప్పడం కన్నా చరిత్రతో చెప్పడం మేలని మాకు అనిపించింది.

అందుకు దూరం పోనక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన మన శ్రీ సత్యసాయి జిల్లాలోనే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఉన్నాయి. ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల ఐదొందల ఏళ్లుగా కళాకారుడికి అన్నం ఎవరు పెట్టారు, వాళ్లు పెట్టడం మానేసినప్పుడు అతను ఏం చేశాడు అన్నది చూస్తే మన ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

ముందు హిందూపురం వైపు. అక్కడికి దగ్గర్లోనే లేపాక్షి ఉంది. వీరభద్రస్వామి గుడి అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో లేచింది. కట్టించినవాడు పెనుకొండలో రాజుగారి కొలువులో పనిచేసిన విరూపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ. తల పైకెత్తితే కప్పు నిండా బొమ్మలే. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, మర్రాకు మీద కృష్ణుడు. ఎర్రమట్టి రంగు నేల మీద నల్లటి గీతతో మనుషుల్ని గీశారు. ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయి, కన్ను పెద్దదిగా బయటికి పొడుచుకొచ్చినట్టుంటుంది. ఒకరు కట్టిన చీర అంచు ఇంకొకరి చీరకు లేదు. ధర్మవరం చీరల మీదికి లేపాక్షి డిజైన్లు ఎక్కడం వెనక ఈ కప్పే ఉంది. 2022లో ఈ గుడి, దాని దగ్గరి ఏకశిల బసవన్న యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి.

కట్టించినవాళ్ల పేర్లు మనకు తెలుసు. గీసినవాళ్ల పేర్లు తెలియవు. గుడి చూడ్డానికి పోయిన ప్రతిసారీ మాకు గుచ్చుకునే విషయం ఇది. ఇంకొకటి కూడా ఉంది. గుడి వెనక వైపు కల్యాణ మండపం కప్పు లేకుండా ఉంటుంది. చెక్కిన స్తంభాలు నిలబడే ఉన్నాయి, పని మాత్రం పూర్తికాలేదు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని రాజు ఆగ్రహించాడని, విరూపణ్ణ తన కళ్లు తానే తీసి గోడకు కొట్టాడని జనం చెప్పుకునే కథ మీరూ విని ఉంటారు. కథలో నిజమెంతైనా, ఆ స్తంభాలు చెప్పేది ఒకటుంది. డబ్బు పెట్టే చెయ్యి ఒక్కటే అయితే, ఆ చెయ్యి ఆగినరోజే ఉలి కూడా ఆగుతుంది.

పెనుకొండ చరిత్ర ఇదే మాటను పెద్దగా చెబుతుంది. 1565 యుద్ధం తర్వాత విజయనగరం పాడుపడి, తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తెచ్చాడు. కొన్నేళ్లకు అది చంద్రగిరికి పోయింది. గగన్ మహల్ ఇప్పటికీ ఉంది, అందులో కొలువు లేదు. కొలువును నమ్ముకున్న పనివాడు కొలువు వెంట పోవాలి, లేదా ఊళ్లను నమ్ముకోవాలి.

ఊళ్లను నమ్ముకున్నవాళ్ల సంగతే ఈ వ్యాసంలో అసలు సంగతి. ధర్మవరం మండలంలో నిమ్మలకుంట అనే ఊరుంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. వాళ్లు మన తెగవాళ్లు కాదు, కానీ మన కథకు దగ్గరి కథ వాళ్లది. ఇంట్లో మరాఠీ యాసలో మాట్లాడుకుంటారు, తెర వెనక తెలుగులో పద్యాలు పాడతారు. ఇంట్లో గోర్‌బోలి, బడిలో తెలుగు మాట్లాడే మన పిల్లలకు ఇది విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

తోలుబొమ్మలాట తెలుగునేల మీద చాలా పాతది. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటల ప్రస్తావన చేశాడు. ఆట తీరు ఇలా ఉండేది. కోతలు అయ్యాక, వానలు పడకముందు కుటుంబం మొత్తం బొమ్మలు కట్టుకుని ఊరూరా తిరిగేది. ఊరి నడుమ గుంజలు పాతి, తెల్లటి బట్టలు కట్టి, వెనక ఆముదపు దీపాలు పెట్టేవాళ్లు. తర్వాత పెట్రోమాక్స్ లైట్లు వచ్చాయి, ఆ తర్వాత కరెంటు బల్బులు. రాత్రి భోజనాలయ్యాక మొదలైతే తెల్లారేదాకా ఆటే. సుందరకాండ, లక్ష్మణ మూర్ఛ, విరాటపర్వం. మధ్యమధ్య బంగారక్క, కేతిగాడు వచ్చి ఊరి పెద్దల్ని కూడా వదలకుండా ఎగతాళి చేసేవాళ్లు. హార్మోనియం, మద్దెల, తాళాలు, యుద్ధం వస్తే కాలితో తొక్కే చెక్క చప్పుడు. ఆడవాళ్లు పాడేవాళ్లు, బొమ్మలూ ఆడించేవాళ్లు. ఆట ఆడిస్తే వాన పడుతుందని నమ్మిన ఊళ్లు ధాన్యం, బట్టలు, కొంత డబ్బు ఇచ్చేవి.

ఒక రాజు స్థానంలో వంద ఊళ్లు. ఒక ఊరు పెట్టకపోతే ఇంకో ఊరు పెట్టేది. అందుకే ఈ కళ రాజ్యాలు పోయినా పోలేదు. కానీ ఇరవయ్యో శతాబ్దంలో వంద ఊళ్లూ కలిసి అటువైపు తిరిగాయి. హార్మోనియం పెట్టి ఆడే పద్యనాటకం వచ్చింది. ఇంటిపేరులోనే ధర్మవరం ఉన్న రామకృష్ణమాచార్యులు బళ్లారిలో కూర్చుని తెలుగు నాటకానికి కొత్త దారి వేశారు, ఆయన్ను ఆంధ్ర నాటక పితామహుడంటారు. తర్వాత టూరింగ్ టాకీసులు, చివరికి టీవీ. 1987లో దూరదర్శన్ ఆదివారం పొద్దున రామాయణం వేయడం మొదలుపెట్టాక, అదే రాముడు, అదే హనుమంతుడు ఇంట్లోకే వచ్చారు. తెల్లారేదాకా మేలుకుని ఇంకొక రామాయణం చూసేందుకు జనం ఏరీ?

ఇక్కడ నిమ్మలకుంటవాళ్లు చేసిన పని గమనించండి. వాళ్లు తమ చేతుల్లో ఏముందో చూసుకున్నారు. మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఎండబెట్టి, అవతలి వెలుతురు ఇవతలికి కనిపించేంత పలచగా చేయడం వాళ్లకు వచ్చు. దాని మీద నల్ల గీత గీయడం వచ్చు. నగల దగ్గర, బట్టల అంచుల దగ్గర చిన్న ఉలితో కొట్టి చుక్కచుక్కగా రంధ్రాలు పొడవడం వచ్చు. రంగులు రెండువైపులా తెలిసేలా వేయడం వచ్చు. ఈ రంధ్రాలు అలంకారం కోసమే అనుకుంటారు చాలామంది. దీపం ముందు పెడితే ఆ రంధ్రాలే ముత్యాల్లా, రత్నాల్లా మెరుస్తాయి. తోలుబొమ్మ దీపం ముందే పూర్తవుతుంది, పగటి వెలుగులో గోడకు ఆనిస్తే సగమే.

అలాంటి పనితనానికి ల్యాంప్ షేడ్ సరిగ్గా సరిపోయింది. ఇనుప కమ్మీల చట్రం చేసి, బొమ్మలు గీసిన తోలు ముక్కలను దానికి కుట్టి, లోపల బల్బు పెడితే, తెర వెనక ఉండే దీపం బొమ్మ కడుపులోకి వచ్చినట్టయింది. తోలు అదే, గీత అదే, ఉలి అదే, వెనక నుంచి వచ్చే వెలుతురూ అదే. మారింది చూసే చోటు. ఊరి నడుమ నుంచి ఇంటి మూలకు, హోటల్ వరండాకు వచ్చింది. మా దృష్టిలో మన ప్రాంతంలో చేతిపనిలో జరిగిన గొప్ప ప్రయోగాల్లో ఇదొకటి. కొత్త పని పాత పని ప్రాణాన్ని పట్టుకుంది కాబట్టే నిలిచింది.

అన్ని ప్రయోగాలూ అలా కుదరలేదు. గోడకు వేలాడే పటాలు, గదుల మధ్య అడ్డుతెరలు, తలుపు పలకలు, చెవి కమ్మలు, పుస్తకాల్లో పెట్టుకునే గుర్తులు కూడా చేశారు. అడ్డుతెర బాగుంటుంది, దాని వెనక వెలుతురు ఉంటుంది కాబట్టి. చెవి కమ్మ అమ్ముడవుతుంది, కాలేజీ పిల్లలు కొంటారు, అందులో తప్పులేదు. కానీ రెండు వేళ్ల వెడల్పున్న తోలు ముక్క మీద హనుమంతుడు నిలబడేందుకు జాగా ఏదీ? రంధ్రం పెట్టినా వెలుతురు ఆడదు. తక్కువ ధరకు ఎక్కువ ముక్కలు చేసే కొద్దీ చెయ్యి పరుగెత్తడం అలవాటు చేసుకుంటుంది, గీత పలచబడుతుంది. కుటుంబం గడవడానికి చిన్న సరుకు, పేరు నిలవడానికి పెద్ద బొమ్మ. రెండూ పక్కపక్కనే చేసుకోవాల్సి వస్తుంది.

ఆటలోనూ ప్రయోగాలు జరిగాయి. తెల్లారేదాకా సాగే కథను గంటకు కుదించారు. కుటుంబ నియంత్రణ, ఎయిడ్స్, పరిశుభ్రత గురించి బొమ్మలు చెప్పాయి. బంగారక్కకు, కేతిగాడికి ఇలాంటి విషయాలు కొత్తేం కాదు, వాళ్లు ముందు నుంచీ సిగ్గుపడే రకం కాదు గదా! అయినా నిజం చెప్పాలంటే, చెప్పాల్సిన మాట ముందే ఎవరో రాసిచ్చినప్పుడు కేతిగాడి నోరు కట్టేసినట్టే అవుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లను చూసి అప్పటికప్పుడు అల్లే మాటలే వాడి బలం.

నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి కేంద్ర ప్రభుత్వం 2020లో పద్మశ్రీ ప్రకటించింది. లేపాక్షి కప్పు కింద నిలబడి ఈ వార్తను తలుచుకోండి. అక్కడ గీసినవాడి పేరు మిగల్లేదు. ఇక్కడ ఇదే జిల్లాలో, దాదాపు అదే తీరు పక్క ముఖం, అదే పెద్ద కన్ను గీసిన చేతికి పేరుంది, ఊరుంది.

ఈ పేరు గాలిలో రాలేదు. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడి, కమలాదేవి చట్టోపాధ్యాయ్ లాంటివారు దాన్ని నడిపాక, చేతిపనివాడు తన సరుకును తానే పట్టుకుపోయి అమ్ముకునే దారులు మెల్లగా తెరుచుకున్నాయి. 1987లో సూరజ్‌కుండ్ మేళా మొదలైంది, 1994లో ఢిల్లీ హాట్ వచ్చింది. మన రాష్ట్ర హస్తకళల సంస్థ దుకాణాలకు లేపాక్షి పేరే పెట్టారు. సంతలో కొనేవాడి ఎదురుగా కూర్చున్న కళాకారుడికి ఒక లాభముంది. ఏ రంగు దగ్గర ఆగారు, ఏ ధర దగ్గర వెనక్కి పోయారు అన్నది అతనే చూస్తాడు. మధ్యవర్తి డబ్బు తెస్తాడు కానీ ఈ సమాచారం తేడు. తర్వాతి ప్రయోగం దేని మీద చేయాలో తెలిసేది దీంతోనే.

ఒక చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు, మనం జి.ఐ. అనేది, ఉంది. ధర్మవరం పట్టుచీరలకూ ఉంది. ఇది ఆ పేరును కాపాడుతుంది. వేరేచోట మిషను మీద తయారైన సరుకును ఈ పేరుతో అమ్మకూడదు. కానీ మీరొక్కరు కనిపెట్టిన కొత్త నమూనాను అది కాపాడదు. దానికి 2000 నాటి డిజైన్ల చట్టం కింద విడిగా నమోదు చేయించుకోవాలి. మొదట పదేళ్లు, తర్వాత ఇంకో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. అయితే ఆ నమూనాను నలుగురికీ చూపించకముందే దరఖాస్తు పెట్టాలి. సరుకు ఫొటో ముందు ఫోన్‌లో పెట్టేసి తర్వాత ఆఫీసుకు పోతే పని జరగదు.

ఇక మన కుట్టు సంగతి. ఫేటియా, కాంచళి, టుక్రి మీద అద్దాలు, గవ్వలు, రంగు దారాలతో మన అమ్మలు చేసిన పని వాళ్లు కట్టుకోవడానికే. అమ్మకానికి కాదు. మనకు దగ్గర్లోనే, కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరులో, లంబాణీ ఆడవాళ్లు ఆ కుట్టును సంచుల మీదికి, దిండు గలీబుల మీదికి, కొత్త తరహా బట్టల మీదికి తెచ్చారు. సండూరు లంబాణీ కుట్టుకు జి.ఐ. ఉంది. 2023 జులైలో హంపిలో జి20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 1755 లంబాణీ కుట్టు వస్తువులను ఒకేచోట పెట్టి గిన్నిస్ రికార్డు తెచ్చుకున్నారు. వస్తువు మారింది, సూది నడిచే తీరు మారలేదు. నిమ్మలకుంట ల్యాంప్ షేడ్ చేసిన పనే ఇదీనూ. మన తండాల్లో ఈ కుట్టు వచ్చిన పెద్దవాళ్లు తగ్గిపోతున్నారు. ఎన్ని రకాల కుట్లున్నాయో, వాటిని గోర్‌బోలిలో ఏమంటారో రాసిపెట్టే పని ఇంకా మన ముందే ఉంది.

నిమ్మలకుంట కథలో నష్టం కూడా చెప్పకపోతే అది చరిత్ర కాదు. బొమ్మ అమ్ముడుపోయింది, పాట అమ్ముడుపోలేదు. ల్యాంప్ షేడ్ కొన్నవాడు దాని మీద ఉన్న సీతను చూస్తాడు, సీత పాడిన పద్యం వినడు. పిల్లలు గీత నేర్చుకుంటున్నారు, రంధ్రాలు కొట్టడం నేర్చుకుంటున్నారు, ఎందుకంటే వాటికి సాయంత్రానికి డబ్బు వస్తుంది. రాత్రంతా నడిచే కథను, గొంతును, మద్దెలను నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఇచ్చేవాడు లేడు. ఒకే ఇంట్లో పుట్టిన రెండు కళల్లో ఒకటి బజారుకు పోయి బతికింది, రెండోది ఇంట్లోనే ముసలిదవుతోంది. మన దగ్గరా ఇంతే. కుట్టుకు కొనేవాళ్లు దొరకొచ్చు, తీజ్ పాటకు, పెళ్లిలో అమ్మాయి ఏడుస్తూ పాడే ఢావ్లోకు ధర కట్టేవాళ్లెవరు?

ల్యాంప్ షేడ్లు కుట్టే ఆ ఇళ్లలోనే, అడిగితే రెండు గుంజలు పాతి, తెల్లబట్ట కట్టి, మద్దెల తీసి ఆట మొదలుపెట్టగల పెద్దలు ఇంకా ఉన్నారు. ధర్మవరం దాకా రైలుంది, బస్సుంది. అక్కడి నుంచి ఊరు దగ్గరే. పోయినవాళ్లు సరుకు ధర అడిగి ఊరుకోకుండా, ఒక్క పద్యమైనా పాడించుకుని రండి.