కుంచె, నురుగు, మంగలి పొది

నేటాలుకు వచ్చిన మన పూర్వుల చరిత్రను మనం ఎప్పుడూ ఓడలతోనే మొదలుపెడతాము. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ డర్బను చేరింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలు ఈ తీరాన దిగారు. వారిలో గంజాము, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు ఉన్నారు. చెరకు తోటల గురించి, బొగ్గు గనుల గురించి, రైలు దారుల గురించి, మనవారు కట్టిన గుడుల గురించి, బడుల గురించి మన పెద్దలు శ్రద్ధగా వ్రాశారు. ఆ కూలీల గడ్డాలు ఎవరు గీశారు, దేనితో గీశారు అనే సంగతి మాత్రం మన సంచికలలో కనబడదు. ఇదొక విషయమా అని పాఠకులు నవ్వవచ్చు. ఆదివారం ఉదయం ప్రతి మగవాడి ముఖాన్ని తాకిన చేయి ఎవరిదో తెలుసుకోవడం నవ్వవలసిన విషయం కాదని మా అభిప్రాయము.

ఓడల జాబితాలలో ఒక్కొక్కరికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తులు వ్రాసి ఉంటాయి. కులానికి కూడా ఒక గడి ఉంటుంది. తోటకు చేరిన తరువాత ఆ గడికి విలువ లేదు; అందరి చేతికీ ఒకే పార, ఒకే కత్తి ఇచ్చారు. అయినా కొందరికి ఆ గడిలోని పని చేతిలో మిగిలి ఉంది. మంగలివాడు అటువంటివాడు. అతని సామాను ఎంత? ఒక మంగలి కత్తి, ఒక సాన, ఒక తోలు పట్టీ, నీళ్ళకు చిన్న గిన్నె. ఇవన్నీ ఒక పొదిలో ఇమిడిపోతాయి. పొలం అక్కరలేదు, దుకాణం అక్కరలేదు, ఒక చెట్టు నీడ చాలు.

దీని విలువ తెలియాలంటే ఆనాటి లెక్క చూడాలి. ఒప్పంద కూలీకి మొదటి సంవత్సరం నెలకు 10 షిల్లింగులు, ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున పెరిగి ఐదవ సంవత్సరంలో 14 షిల్లింగులు. 1895 నాటి చట్టం ప్రకారం, ఆ తరువాత వచ్చినవారు గడువు తీరాక మళ్ళీ ఒప్పందానికి ఒప్పుకోకుండా, దేశానికి తిరిగి పోకుండా ఇక్కడే నిలిస్తే ఏడాదికి 3 పౌనుల పన్ను కట్టాలి. అనగా 60 షిల్లింగులు, మొదటి ఏటి జీతంలో ఆరు నెలల డబ్బు. ఈ పన్ను 1914లో గాని రద్దు కాలేదు. అటువంటి రోజులలో చేతిలో ఒక వృత్తి ఉండడమంటే మళ్ళీ తోటకు పోకుండా బ్రతికే దారి ఉండడమే. గడువు తీరినవారు కూరగాయలు పండించారు, గంపలతో తిరిగి అమ్మారు, బట్టలు ఉతికారు, క్షౌరము చేశారు. మొదటి రెండింటిని మనం గర్వంగా చెప్పుకుంటాము, చివరి రెండింటి దగ్గర గొంతు తగ్గిస్తాము.

ఆ పాత క్షౌరంలో సబ్బు లేదు, కుంచె లేదు. మంగలి తన వేళ్ళను నీళ్ళలో ముంచి గడ్డాన్ని ఓపికగా రుద్దేవాడు. వెంట్రుక నీరు పీల్చుకొని మెత్తబడిన తరువాతే కత్తి పెట్టేవాడు. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు తీసేవారు ఇప్పటికీ తలను నీళ్ళతో బాగా తడిపిన తరువాతే కత్తి పెడతారు. పైన చెప్పిన రుద్దుడులోనే అసలు రహస్యమంతా ఉంది. తడిసిన వెంట్రుకను కోయడానికి ఎండు వెంట్రుకకు కావలసిన బలంలో కొంత చాలు. తరువాత వచ్చిన సబ్బు నురుగు చేసే ముఖ్యమైన పని, ఆ తడిని ఆరిపోకుండా వెంట్రుక దగ్గర పట్టి ఉంచడమే.

కుంచె పడమటి నుండి వచ్చింది. (మేము సాయంకాలపు తరగతులలో తెలుగు నేర్చుకున్నప్పుడు కుంచె అంటే బొమ్మలు వేసేది అనే చెప్పారు. ఇళ్ళలో అందరూ బ్రష్షు అనేవారు. ఈ వ్యాసంలో కుంచె అనే వాడుతున్నాము.) ఫ్రెంచివారి భాషలో ఈ కుంచెకూ, బ్యాడ్జర్ అనే జంతువుకూ ఒకటే పేరు, బ్లెయిరో. ఆ జంతువు వెంట్రుకలు నీటిని బాగా పట్టి ఉంచుతాయి గనుక వాటితో కుంచెలు కట్టారు. పంది వెంట్రుకలు, గుర్రపు వెంట్రుకలు చవక. అదే ఫ్రాన్సులో 1770 ప్రాంతంలో జాన్-జాక్ పెరే అనే కత్తుల పనివాడు ఎవరి గడ్డం వారే గీసుకోవడం నేర్పే పుస్తకం అచ్చు వేశాడు. మంగలి లేకుండా గడ్డం గీసుకోవడం ఒక విద్యగా మారింది అక్కడ.

ఆ విద్య మనవారికి ఎలా వచ్చిందో గాంధీగారి ఆత్మకథలో ఒక జాడ ఉంది. ఇంగ్లండు వెళ్ళినవారు గడ్డం గీసుకోవడమైనా నేర్చుకొని వస్తారు గాని జుట్టు కత్తిరించుకోవడం నేర్వరని ఆయన వ్రాశారు. ప్రిటోరియాలో ఒక ఇంగ్లీషు క్షౌరకుని దగ్గరకు పోతే అతడు చీదరించుకొని పొమ్మన్నాడు. గాంధీగారు వెంటనే కత్తిరింపు మిషను కొని, అద్దం ముందు నిలబడి తానే కత్తిరించుకున్నారు. ముందు భాగం కొంత కుదిరింది, వెనుక పాడయింది. కోర్టులో స్నేహితులు ఒకటే నవ్వు. ఇంతవరకు మనవారు సభలలో చెప్పుకునే కథే. ఆ తరువాత ఆయన వ్రాసిన మాట సభలలో వినబడదు. ఆ తెల్ల క్షౌరకుని మీద తనకు కోపం రాలేదట. మన దేశంలో అంటరానివారికి క్షౌరము చేయడానికి మన మంగళ్ళను మనం ఒప్పుకోలేదు గదా, దాని ఫలమే ఇక్కడ మనకు దక్కిందని ఆయన భావించారు. దక్షిణాఫ్రికా భారతీయుల చరిత్రలో ఇంత సూటి అయిన మాటలు తక్కువ.

గడ్డం గీసుకోవడం మామూలు ఇళ్ళలోకి రావడానికి కారణం అమెరికాలో బోస్టను నగరపు జిలెట్. వాడి పారవేయగల పలుచని బ్లేడు కోసం 1901లో సంఘం పెట్టాడు. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడులు మాత్రమే. 1904లో పేటెంటు వచ్చింది. అక్కడి నుండి వెనక్కు చూడలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికులకు లక్షల కొద్దీ ఈ రేజర్లు పంచింది. విషవాయువుకు అడ్డుగా తొడిగే ముసుగు ముఖానికి అతుక్కోవాలంటే గడ్డం ఉండరాదు. ఇక కత్తి నూరే పని లేదు, పట్టీ మీద సాగదీసే పని లేదు. మంగలి చేతి నేర్పులో సగం బ్లేడు ఫ్యాక్టరీకి పోయింది. మిగిలిన సగం, అనగా తడపడం, నురుగు కట్టడం, ఇంటి మగవాడి మణికట్టుకు వచ్చింది.

ఆ యుద్ధం కుంచెకు ఒక అపకీర్తి కూడా తెచ్చింది. వర్తకపు దారులు తెగిపోవడంతో మంచి వెంట్రుకలు దొరకలేదు. ఆసియా నుండి వచ్చిన గుర్రపు వెంట్రుకలకు రంగు వేసి, సరిగా శుద్ధి చేయకుండా, బ్యాడ్జర్ కుంచెలని అమ్మారు. వాటిలో పశువుల దొమ్మరోగపు బీజాలు ఉన్నాయి. గీసుకున్నప్పుడు పడిన సన్నని గాటులోంచి అవి లోపలికి పోయి, చెంప మీద, మెడ మీద నల్లని పుండు కట్టేది. బ్రిటిషు, అమెరికను సైనికులలో, పౌరులలో కలిపి రెండు వందలకు పైగా మందికి ఈ జబ్బు సోకింది, కొందరు చనిపోయారు. 1920లో బ్రిటను ప్రభుత్వం జపాను కుంచెల దిగుమతిని నిషేధించింది. ఇప్పటి కుంచెలు శుద్ధి చేసినవి గనుక ఆ భయం లేదు. ఎవరిదో తెలియని, ఆ కాలం నాటి పాత కుంచె సంతలో కనబడితే మాత్రం అలమారాలో పెట్టి చూసుకోండి, ముఖానికి పెట్టవద్దు.

ఇక నురుగు సంగతి. దీనిని మాటలలో చెప్పడం కష్టము, అయినా ప్రయత్నిస్తాము. గారెల పిండి రుబ్బిన మన అమ్మమ్మలకు ఇది ఒక్క నిమిషంలో అర్థమయ్యేది. పిండిలో నీళ్ళు ఒకేసారి పోస్తే చెడుతుంది. చిలకరిస్తూ రుబ్బితే గాలి చేరి గుల్లబారుతుంది. నురుగు కూడా అంతే. కుంచెను గోరువెచ్చని నీళ్ళలో కొద్దిసేపు నానబెట్టి, బాగా దులపాలి. సబ్బు బిళ్ళ మీద అర నిమిషం పైగా తిప్పాలి. మొదట వచ్చేది జిగురుగా, పొడిగా ఉంటుంది. దానిని గిన్నెలోనో ముఖం మీదనో తిప్పుతూ, కుంచె కొనను నీళ్ళలో తాకించి చుక్క చుక్కగా నీరు చేర్చాలి. పెద్ద పెద్ద బుడగలు కనబడితే నీరు ఎక్కువయిందనో, తొందరపడ్డామనో అర్థము. చిలికిన గట్టి పెరుగులా మెరుస్తూ, కుంచె ఎత్తితే మెత్తని కొన నిలబడితే సరిగా కుదిరినట్లు. చాలామంది గట్టిగా ఉంటే మంచిదనుకొని నీరు చాలకుండానే ఆపేస్తారు. అటువంటి నురుగు చూడడానికి బాగుంటుంది గాని చెంప మీద ఆరిపోతుంది, బ్లేడు గీరుకుంటుంది.

సబ్బులో కూడా తేడా ఉంది. కొబ్బరి నూనె సబ్బు త్వరగా నురుగిస్తుంది, త్వరగా అణగుతుంది. స్టియరిక్ ఆమ్లాన్ని పొటాషు క్షారంతో కలిపి చేసిన సబ్బు మెల్లగా లేచి చాలాసేపు నిలుస్తుంది. గడ్డపు సబ్బులు అందుకే వేరుగా చేస్తారు. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైతే ఆ సున్నం సబ్బును పట్టుకొని తెల్లని తెట్టు కడుతుంది. అప్పుడు తప్పు చేతిది కాదు, నీటిది. వాన నీరు పట్టి చూడండి.

1950 ప్రాంతంలో డబ్బా నొక్కితే వచ్చే నురుగు అమెరికాలో బజారుకు వచ్చింది. డబ్బాలోని వాయువు ఒక్క క్షణంలో బుడగలు ఊదుతుంది. కుంచె చేసే రుద్దుడు, వెంట్రుకను లేపి తడపడం, దానితో రావు. 1975లో బిక్ వారి పారవేసే రేజరు వచ్చింది. మన ఇళ్ళలో మినోరా బ్లేడు పొట్లం, కప్పు, కుంచె ఉన్న గూడు క్రమంగా ఖాళీ అయింది.

ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలో మంగలివారు ఇప్పుడు నాయీ బ్రాహ్మణులు. అక్కడ పెండ్లిలో, గుడిలో సన్నాయి, డోలు వాయించే మంగళవాద్యం వారిదే. వారిలో నాటువైద్యులు ఉండేవారు, వారి స్త్రీలు మంత్రసానులుగా కాన్పులు చేసేవారు. మనం ఇక్కడ కులం గడిని విడిచిపెట్టామని చెప్పుకుంటాము. అది మంచిదే. ఆ గడితోపాటు పని చేసినవారి పేర్లను కూడా విడిచిపెట్టాము, అది మాకు నచ్చలేదు. మీ తాతగారి అలమారాలో పిడి అరిగిన కత్తి గాని, తోలు పట్టీ గాని ఉంటే, వంశవృక్షం వ్రాసేటప్పుడు ఆయన పేరు పక్కన ఓడ పేరు, తోట పేరు వ్రాసినట్లే, క్షౌరము చేసేవారు అని కూడా వ్రాయండి.