పట్టా మన పెట్టెలో, నాగలి వాళ్ళ చేతిలో: కేసు ఎక్కడ వేయాలి?



భూమి తగాదాలో రెండు ప్రశ్నలుంటాయి. హక్కు ఎవరిది? స్వాధీనం ఎవరిది? పెత్తందారు విషయంలో ఈ రెండూ ఒకచోటే ఉంటాయి. మాల మాదిగ పల్లెల్లో చాలాసార్లు పట్టా మన ట్రంకుపెట్టెలో ఉంటుంది, దున్నుకునేది వేరొకడు. ఈ తగాదా తేల్చే అధికారం ఏ కోర్టుకు, ఏ ఆఫీసుకు ఉందన్నదాన్ని బట్టే మన భూమి నిలవడమో పోవడమో జరిగింది.

1892లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం, చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్ నివేదిక తర్వాత, అంటరాని కులాలకు భూములిచ్చింది. పదేళ్ళు అమ్మకూడదు, ఆ తర్వాత అమ్మినా అదే కులాలవారికే అమ్మాలి అని షరతు పెట్టింది. తర్వాత ఆంధ్రలో 1954 నాటి జీవో 1142, తెలంగాణలో 1958 నాటి జీవో 1406 అసైన్డ్ భూమిని అన్యాక్రాంతం చేయకూడదన్నాయి.

కానీ షరతు తప్పితే ఏమవుతుంది? పట్టా రద్దు. అంటే అప్పుకో ఆకలికో భూమి వదులుకున్న పేదవాడికే శిక్ష. తగాదా సివిల్ కోర్టుకెక్కితే పెత్తందారు దగ్గర ప్రోనోటు, అమ్మకం కాగితం, సాక్షులు, వకీలు అన్నీ సిద్ధం. ఇంజంక్షన్ దావాలో కోర్టు ముందుగా చూసేది ఈరోజు భూమిలో ఎవరున్నారనే. ఉన్నది వాడే కదా!

ఎమర్జెన్సీ రోజుల్లో వచ్చిన 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం (9/77) ఈ లెక్క మార్చింది. అమ్మకం, కౌలు, తాకట్టు, దానం ఏదైనా చెల్లదంది. సివిల్ కోర్టు డిక్రీ అమలులో జరిగిన బదిలీ కూడా చెల్లదంది. చట్టానికి ముందే నిజాయితీగా కొని సాగులో ఉన్న భూమిలేని పేదకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. నాలుగో సెక్షన్ ఇంకా ముఖ్యం. అసలు పట్టాదారు, అతని వారసులు కాకుండా వేరొకరు భూమిలో ఉంటే ఉల్లంఘన జరిగినట్టే భావించాలి. కాదని రుజువు చేసుకోవలసింది భూమిలో ఉన్నవాడే. వాడిని ఖాళీ చేయించి అసలు పట్టాదారుకు భూమి తిరిగి ఇప్పించవచ్చు. ఈ చర్యల మీద సివిల్ కోర్టు ఇంజంక్షన్ ఇవ్వకూడదు.

మరి భూములెందుకు తిరిగి రాలేదు?

చట్టం సివిల్ కోర్టు నుంచి తీసిన అధికారాన్ని తహసీల్దారు బల్ల మీద పెట్టింది. ఆయన ఆర్డరు వేస్తే ఆ ఆర్డరుకు రక్షణ ఉంది. వేయకపోతే? అర్జీ ఏళ్ళ తరబడి ఫైల్లోనే ఉంటుంది. అప్పుడు మనకు మిగిలేది హైకోర్టులో రిట్. కూలి మానుకుని హైకోర్టు దాకా వెళ్ళగలిగేది ఎంతమంది? పైగా తిరిగి ఇప్పించడం ఒక్కసారే. రెండోసారి చేయి దాటితే భూమి ప్రభుత్వానిదే.

ఇప్పుడు కొత్త మలుపు. అసైన్ చేసి 20 ఏళ్ళు దాటిన భూమిని అసలు పట్టాదారు అమ్ముకోవచ్చని 2023లో ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించింది. "అందరికీ ఉన్న అమ్ముకునే హక్కు మాకెందుకు లేదు?" అన్న ప్రశ్న న్యాయమైనదే. పిల్ల చదువుకో జబ్బుకో భూమి అక్కరకు రావద్దా? కానీ ఇది కూడా ఆలోచించండి: అమ్మకం చెల్లుతుందన్నాక, మోసంతో రాయించుకున్న కాగితాన్ని కొట్టేయించే భారం మన మీదే పడుతుంది. తగాదా మళ్ళీ సివిల్ కోర్టు మెట్లెక్కుతుంది. అక్కడ ఎవరి వకీలు గట్టివాడో మనకు తెలుసు.

అందుకే ముందు మన చేతిలోంచి పోయిన భూమి తిరిగి రావాలి, ఆ తర్వాతే అమ్మకం హక్కు గురించి మాట్లాడాలి.

విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరెళ్ళినప్పుడు సమాచార హక్కు చట్టం కింద మీ ఊరి డీ-పట్టాల జాబితా, అడంగల్ నకళ్ళు అడగండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పేర్లు కలవని ప్రతి సర్వే నంబరు మీదా నాలుగో సెక్షన్ కింద పట్టాదారు చేత అర్జీ పెట్టించండి. రసీదు తీసుకోవడం మరవకండి. రేపు హైకోర్టుకు వెళ్ళవలసి వస్తే మన చేతిలో ఉండే ఆధారం ఆ రసీదే.

జై భీమ్.