ఓటు మారింది, భూమి చేతికి రాలేదు

1983 ఎన్నికల్లో కాంగ్రెస్ ఎందుకు ఓడిందని అడిగితే చాలామంది బేగంపేట విమానాశ్రయం సంగతి చెబుతారు. 1982 ఫిబ్రవరిలో అక్కడ ముఖ్యమంత్రి అంజయ్యను రాజీవ్ గాంధీ అవమానించారు. ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులు మారారు. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం పార్టీ తెలుగువారి ఆత్మగౌరవం పేరుతో ఓట్లడిగి, 294 స్థానాల్లో 200కు పైగా గెలిచింది. ఇదంతా నిజమే. కానీ ఆదివాసులమైన మేము ఈ కథను విమానాశ్రయం దగ్గర మొదలుపెట్టలేం. అంతకు పది నెలల ముందే మా ఆత్మగౌరవం మీద ఇంద్రవెల్లిలో తూటాలు పేలాయి.

మా పెద్దలు కాంగ్రెస్‌ను నమ్మారు. నమ్మడానికి కారణం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో మన భూమి పరాయి చేతికి పోకుండా చూసే 1959 నాటి చట్టం 1963లో తెలంగాణ ఏజెన్సీకి కూడా వచ్చింది. 1970లో దాన్ని మరింత గట్టిగా చేశారు. అదే మనం 1/70 అని పిలిచే చట్టం. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి ఆదివాసీ నుంచి వచ్చిందనే ముందు భావించాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే అని ఆ చట్టం చెప్పింది. ఇంత మంచి చట్టం చేసింది ఆ పార్టీ ప్రభుత్వమే.

అమలు దగ్గరే ఆ పార్టీ అసలు రంగు బయటపడింది. ఆదిలాబాద్ జిల్లాకు బయటి నుంచి వచ్చే వలసలు ఆగలేదు. షావుకారు అప్పుకింద చేను పోయింది. పోడు కొట్టుకుంటే అటవీ శాఖ కేసులు పెట్టింది. ఒక చేత్తో చట్టం ఇచ్చి, ఇంకో చేత్తో భూమి లాక్కున్నట్టయింది.

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో సంత రోజు. భూమి పట్టాలు, గిట్టుబాటు ధరలు అడగడానికి గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టింది. సభకు ఇచ్చిన అనుమతిని చివర్లో రద్దు చేశారు. ఆ కబురు చాలా గూడేలకు చేరలేదు. వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వం లెక్క చెప్పింది. అంతకంటే ఎన్నో రెట్లని హక్కుల సంఘాలు చెప్పాయి. తన చట్టాన్ని అమలు చేయమన్నవారినే కాల్చిన పార్టీకి ఇక ఏ విలువలు మిగిలాయి?

ఆ తర్వాత ప్రభుత్వం మారింది. మరి మా బతుకు మారిందా? ఇంద్రవెల్లి స్తూపాన్ని 1986లో కూల్చేశారు. మళ్లీ కట్టారు గానీ, ఏప్రిల్ 20న అమరులకు దండం పెట్టుకోవడానికి పోనివ్వని ఆంక్షలు పార్టీలు మారినా ఏళ్ల తరబడి కొనసాగాయి. విశాఖ ఏజెన్సీలోని అనంతగిరిలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ పోరాటాన్ని కోర్టు దాకా మోసింది ప్రజలే, అధికారంలో ఉన్న పార్టీ కాదు.

అందుకే మా మాట ఇది. పార్టీ మీద విసుగు పుట్టడం తప్పు కాదు, ఆ విసుగుతోనే ఆగిపోవడం తప్పు. ఒక గుర్తు మీద కోపంతో ఇంకో గుర్తుకు వేసి ఇంటికొచ్చేస్తే, మళ్లీ ఐదేళ్లకు అదే కోపం మిగులుతుంది. ఓటు అడగడానికి గూడేనికి వచ్చిన ప్రతి ఒక్కరినీ మనం అడగాలి: 1/70 కింద మా మండలంలో ఎన్ని ఎకరాలు తిరిగి ఇప్పించారు? గ్రామసభ వద్దన్న పనిని ఆపారా? మా మీద పెట్టిన అటవీ కేసులు ఏమయ్యాయి?

ఉపాధ్యాయులు 1/70ని తరగతిలో చదివి వినిపించాలి. యువకులు ఊరి పెద్దలను కూర్చోబెట్టి, ఏ చేను ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో రాసుకోవాలి. ఆ కాగితం చేతిలో ఉన్న ఊరిని ఏ పార్టీ అయినా తేలిగ్గా మోసం చేయలేదు.