యంత్రముల నడుమ దుబాసీ

కుంఫిణీవారి కాలమున చెన్నపట్టణములో దుబాసీ లేనిదే వ్యవహారము సాగెడిది కాదు. దొరకు తెలుగు రాదు, వర్తకునకు ఇంగ్లీషు రాదు. రెండు భాషలు తెలిసినవాడు నడుమ నిలిచి ఇతని మాట అతనికి, అతని మాట ఇతనికి అందజేయవలసినదే. 1830లో కాశీయాత్రకు బయలుదేరి, ఆ యాత్రాచరిత్రను మనకు మిగిల్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో అట్టి ద్విభాషి ఉద్యోగమే నిర్వహించినారు. దుబాసీ సమర్థుడైనచో ఇరుపక్షములకు మేలు. అతనిని పరులు లోబరచుకొన్నచో ఇరుపక్షములకు చేటు.

యంత్రములకు కూడ ఇట్టి దుబాసీలు కలరు. పాత సాధనములను కంప్యూటర్ల నెట్‌వర్క్‌తో కలుపు కన్వర్టర్ అను చిన్న పెట్టె అట్టిది. దానికి ఒకవైపు సీరియల్ పోర్టు, రెండవవైపు నెట్‌వర్క్ తీగ తగిలించు చోటు ఉండును. చూచుటకు స్వల్పమే గాని, దాని వెనుక నూరేండ్లకు మించిన కథ కలదు.

ముందుగా రెండు భాషల సంగతి చూతము. సీరియల్ అనగా వరుస. సన్నని సందులో మనుషులు ఒకరి వెనుక ఒకరు నడచునట్లు, ఒకే తీగపై సంకేతములు ఒకదాని వెనుక ఒకటి పోవును. ఈ పద్ధతి తంతి శాఖలో పుట్టినది. ఫ్రాన్సు దేశపు తంతి ఉద్యోగి ఎమిల్ బోదో 1874లో తన విధానమునకు పేటెంటు పొందినాడు. అందు ప్రతి అక్షరమునకు ఐదు సంకేతములు. ఒక్కొక్కటి రెండు స్థితులలో ఏదో ఒకటి. ఆ లెక్కన 32 కూర్పులు ఏర్పడును. సంకేతముల వేగమును కొలుచు ‘బాడ్’ అను మానమునకు ఆయన పేరే పెట్టినారు.

పిమ్మట టెలిప్రింటర్లు వచ్చినవి. మన పత్రికా కార్యాలయములలో చిరకాలము టకటకలాడినవి ఇవియే. వీటిలో ప్రతి అక్షరమునకు ముందు ‘ఇదిగో వచ్చుచున్నాను’ అను ప్రారంభ సంకేతము, వెనుక ‘ముగిసినది’ అను విరామ సంకేతము చేర్చుట ఆచారమైనది. 1960లో అమెరికాలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘము ఈ సంభాషణకు ఆర్‌ఎస్-232 అను ప్రమాణమును ఏర్పరచినది. పంపుటకు ఒక తీగ, అందుకొనుటకు ఒక తీగ, ‘పంపవచ్చునా?’ అని అడుగుటకు ఒకటి, ‘పంపుము’ అని చెప్పుటకు మరొకటి. 1969 నాటి సవరణ ప్రకారము తీగ పొడవు 50 అడుగులకు మించరాదు. అనగా ఈ భాష ఒక గదిలోనో, పక్కగదితోనో మాటలాడుకొనుటకు తగినది.

నెట్‌వర్క్ భాష వేరు. అది తపాలా పద్ధతి. సమాచారమును చిన్నచిన్న కవర్లలో ఉంచి, ప్రతి కవరుపైన చిరునామా వ్రాసి పంపుదురు. దారిలోని కంప్యూటర్లు ఆ చిరునామా చూచి ముందుకు త్రోయును. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయమునుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు ఈ రీతిని తొలి సందేశము పోయినది. ‘లాగిన్’ అను ఇంగ్లీషు మాటలో మొదటి రెండక్షరములు చేరునప్పటికే అవతలి కంప్యూటర్ స్తంభించినదట! ఆర్పానెట్ అను ఆ నెట్‌వర్కే నేటి ఇంటర్నెట్‌కు మూలము.

అయితే, ఆ తొలినాళ్ళలో కంప్యూటర్ ఉన్న సంస్థకే ఆర్పానెట్ ప్రవేశము. టెలిప్రింటర్ వంటి మీటల యంత్రము మాత్రమే ఉన్నవారు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు సమాధానముగా బీబీఎన్ అను సంస్థ 1971లో టిప్ అను యంత్రమును ఇచ్చినది. దానికి 63 వరకు మీటల యంత్రములను తగిలించవచ్చును. అది వరుసగా వచ్చు అక్షరములను ప్రోగుచేసి, కవరులో పెట్టి, చిరునామా వ్రాసి పంపును. వచ్చిన కవరును విప్పి అక్షరములను వరుసగా అందించును. నేటి చిన్న పెట్టె చేయు పనియు సరిగా ఇదియే. కనుక టిప్‌ను ఈ దుబాసీల వంశమునకు మూలపురుషునిగా చెప్పుకొనవచ్చును.

1973లో ఈథర్‌నెట్ ఆవిర్భవించినది. తరువాతి దశకమున కార్యాలయములందు టెర్మినల్ సర్వర్లు అను పెట్టెలు ఇదే దౌత్యము నెరపినవి. క్రమముగా ప్రతి బల్లమీదికి సొంత కంప్యూటర్ వచ్చినది. మీటల యంత్రములు మూలపడినవి. 1996లో వెలువడిన యూఎస్‌బీ సీరియల్ పోర్టును కూడ తొలగించసాగినది. దానితో ఆ భాష అంతరించవలసినదే. కాని ప్రయోగశాలలోని త్రాసు, కర్మాగారములోని తరిమెన యంత్రము, విద్యుత్ సబ్‌స్టేషనులోని రక్షణ సాధనము ఇంకను అదే పలుకుచుండెను. ఇరువది ముప్పది ఏండ్లు చెక్కుచెదరక పనిచేయు సాధనమును భాష పాతదన్న నెపమున ఎవరు పారవేయుదురు? అందుచేత దుబాసీకి మరల గిరాకీ కలిగినది. 1997లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రములలో 2217వది వెలువడి, దూరమునుండియే సీరియల్ పోర్టు వేగమును, ఇతర నియమములను మార్చు పద్ధతిని నిర్ణయించినది.

ఈ దుబాసీ పని తేలిక అనుకొనరాదు. సెకనుకు 9600 బిట్ల వేగమున, అక్షరమునకు పది బిట్ల చొప్పున, 960 అక్షరములు వచ్చును. ఒక్కొక్క అక్షరమునకు ఒక కవరు వాడుట దుబారా. చాల అక్షరములకై వేచియుండుట ఆలస్యము. ఇంతకంటె సూక్ష్మమైనది మౌనము. 1979లో పుట్టిన మోడ్‌బస్ అను కర్మాగారపు భాషలో, ఒక వాక్యము ముగిసినదనుటకు గుర్తు మూడున్నర అక్షరముల కాలపు నిశ్శబ్దము. అక్షరమునకు 11 బిట్ల ఆ భాషలో, పైన చెప్పిన వేగమున అది సెకనులో వేయింట నాలుగు వంతులు. కాని నెట్‌వర్క్ కవర్లు అక్షరములను మోయునే గాని, మౌనమును మోయవు. అందుచేత వాక్యము ఎచ్చట ముగిసినదో దుబాసీయే గ్రహించి, ఒక్కొక్క వాక్యమును విడిగా పంపవలెను. గ్రహింపనిచో వాక్యములు ముక్కలై, అవతలి యంత్రము వాటిని తిరస్కరించును.

ఇక చేటు మాట. సీరియల్ భాషకు రహస్యము లేదు, తాళము లేదు. దాని రక్షణ అంతయు దూరములోనే ఉండెను: మాటలాడదలచినవాడు ఆ గదిలోనికి రావలసినదే. దుబాసీ వచ్చి ఆ గదికి లోకమంతటినుండి దారి తెరచినాడు.

2015 డిసెంబరు 23న యుక్రెయిన్ దేశములో ఈ సంగతి బయటపడినది. మోసపు ఉత్తరములతో నెలల క్రితమే చొరబడిన శత్రువులు, ఆనాడు మూడు విద్యుత్ పంపిణీ సంస్థల నియంత్రణను చేజిక్కించుకొన్నారు. ఉద్యోగులు చూచుచుండగనే తెరమీద గుర్తు తనంతట కదలి, సబ్‌స్టేషన్లను ఆపివేసినది. దాదాపు 2,25,000 వినియోగదారులు చలికాలపు చీకటిలో మునిగినారు. శత్రువులు అంతతో ఆగలేదు. సబ్‌స్టేషన్లలోని కన్వర్టర్లలో పొందుపరచిన ప్రోగ్రామును చెరిపి పనికిరానిది వ్రాసినారు. దుబాసీల నోరు పడిపోయినది. నియంత్రణ గదినుండి ఆజ్ఞ పంపినను వినువాడు లేడు.

అప్పుడు ఆదుకొన్నది పాతదనమే. సిబ్బంది బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు పోయి, చేతితో స్విచ్చులు వేసినారు. ఆరు గంటలలోపల దీపములు మరల వెలిగినవి. దూరమునుండి నడపుట చెడినను, చెంతకు పోయి నడపుట తెలిసినవారు అక్కడ ఉండిరి.

కావున ఈ చరిత్ర చెప్పునది కన్వర్టర్లు వలదని కాదు. పనికివచ్చు పాత సాధనమును నిలుపుకొనుట పొదుపు, వివేకము. కాని దుబాసీని నియమించువాడు అతని మీద కాపలా కూడ ఉంచవలెను. కర్మాగారము నుండి వచ్చిన సంకేతపదమును వెంటనే మార్చవలెను; ఆ పెట్టెను బయటి ఇంటర్నెట్‌కు నేరుగా తగిలించక, వేరు నెట్‌వర్క్‌లో ఉంచవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ పెట్టె మూగవోయిన నాడు సాధనము చెంతకు పోయి చేతితో నడపగలవారిని తయారుగా ఉంచుకొనవలెను.