బూడిద దిబ్బల కాలం

రాండి నాయనా, భోగి మంట దగ్గరికి జరిగి కూర్చోండి. ఇంకో రెండు పిడకలు వెయ్ రా అబ్బోడా. పిడకల మంట ముందర కూర్చున్నాం కాబట్టి దాని పాత ముచ్చటే చెప్తా. మన దిక్కున రాజులూ కోటలూ ఇంకా లేని కాలం నాటిది.

మీ బడి పుస్తకాల్లో ఈజిప్టు పిరమిడ్లున్నాయి, సింధు ఒడ్డున హరప్పా, మొహెంజొదారో ఉన్నాయి. గీజా పిరమిడ్లు లేచి దాదాపు 4,500 ఏండ్లు. అప్పుడు మన దిక్కున మనుషులే లేరనుకుంటారేమో! ఉన్నారు నాయనా. తుంగభద్ర, కృష్ణల చుట్టుపక్కల మెట్టనేలల్లో గొడ్ల మందలు పెట్టుకొని బతికారు. వాళ్లు వదిలిన గుర్తులే బూడిద దిబ్బలు. మన అనంతపురం జిల్లాలో పాలవాయిలో ఉంది, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఉంది, బళ్లారి దగ్గర కుడితినిలో ఉంది. అన్నీ కలిపితే వందకు పైమాటే.

ఆ దిబ్బలేందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. హంపి దిక్కు నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన బూడిదంటారు. కొన్నిచోట్ల బూడిద కరిగి గాజు మాదిరి గడ్డకట్టి ఉంటుంది. అది చూసి కొందరు దొరలు అగ్నిపర్వతం పనేమో అన్నారు, ఇంకొందరు లోహం కరిగించిన కొలుములన్నారు. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త మాత్రం ఇది రాతి గొడ్డళ్ల కాలంనాటి జనం కాల్చిన పేడేనని చెప్పాడు. ఆయన మాటే నిలబడింది.

1957లో రేమండ్ ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఉట్నూరు దిబ్బ తవ్వించాడు. గుంజలు పాతి కట్టిన దడుల ఆనవాళ్లు బయటపడ్డాయి. వినండి, ఇదీ అసలు ముచ్చట: ఆ బూడిద పొరల్లో ఆవుల గిట్టల అచ్చులు చెదరకుండా ఉన్నాయి! దొడ్డిలో పేడ పేరుకునేది, దాన్ని తగలబెట్టేవాళ్లు, మళ్లీ అక్కడే దొడ్డి కట్టేవాళ్లు. అట్లా తరాల తరబడి జరిగితే దిబ్బ అయింది. ఊరికే చెత్త కాల్చడం కాదిది, మంద కదిలే రుతువుల్లో చేసిన పండగ మంట అయ్యుండొచ్చని ఆల్చిన్ తలపోశాడు. మన సంక్రాంతి మంటలూ, హోలీ మంటలూ ఆయన మనసులో మెదిలాయి.

తర్వాత ఇంకో పురావస్తు శాస్త్రవేత్త కె. పద్దయ్య గారు కర్ణాటకలోని బూదిహాళ్ తవ్వి, అక్కడ దొడ్డి పక్కనే ఊరు కూడా ఉండేదని చూపించారు. అంటే వాళ్లు ఉత్త దేశదిమ్మరులు కారు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించుకున్నారు. చక్రం లేకుండా చేత్తోనే కుండలు చేశారు. బళ్లారి పక్కన సంగనకల్లు గుట్టల్లో నల్లరాతిని చెక్కి, నునుపుగా అరగదీసి గొడ్డళ్లు తయారుచేశారు. ఆ గుట్టల బండల మీద మూపురాల ఎద్దుల బొమ్మలు ఇప్పటికీ కనిపిస్తాయి. పసిబిడ్డ చనిపోతే కుండలో పెట్టి, తాముండే చోటనే పూడ్చుకున్నారు. బిడ్డను దూరం పంపలేని ఆ తల్లుల కడుపుకోత మనకు తెలియనిదా!

వాళ్లు రాత నేర్చింది లేదు, నగరం కట్టింది లేదు. అయినా పశువును సాకి, గింజను దాచి, ఈ వాననీడ నేలలో బతకడం ఎట్లాగో మొదట నేర్చింది వాళ్లే. ఇవ్వాళ మనం తాగే ఉలవచారు వెనక ఆ చేతుల కష్టముంది. నాగరికత అంటే పెద్ద మేడలే అనుకుంటే ఈ మనుషులకు అన్యాయం చేసినట్టే.

నా బాధ ఒక్కటే. ఎరువుకు పనికొస్తుందని ఆ బూడిదను బండ్ల కొద్దీ తోలుకుపోయారు. దిబ్బలు చదును చేసి చేన్లు వేశారు. పోయిన దిబ్బ మళ్లీ రాదు. మీరు పెద్దయ్యాక ఊరి పక్కన బూడిద దిబ్బ కనబడితే దాని మీద పార వెయ్యనియ్యొద్దు. ఊళ్లో నలుగురికీ ఈ కథ చెప్పి కాపాడండి నాయనా.