తూము కాడి లెక్క

ఉద్యోగ జీవితమంటే మెట్లెక్కడమని చదువుకున్నోళ్లు అనుకుంటారు. తెలంగాణ పల్లెల్లో నీరటి పని చేసిన కుటుంబాల్ని చూస్తే మాకట్లా కనిపించదు. వీళ్లలో ఎక్కువమంది దళితులే. తూము ఎప్పుడెత్తాలి, ఏ మడికెన్ని నీళ్లు పారాలి, కట్ట ఎక్కడ కారుతుంది - ఇవన్నీ నీరటికే ఎరుక. వానాకాలం రాత్రుల్లో కట్ట మీద కాపలా కూడా ఆయనదే. ప్రతిఫలం కల్లంలో కొలిచిన గింజలు, ఉంటే కాసింత ఇనాం చెలక. పటేలు ఇంటి వెట్టి అదనం.

1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవుల్ని రద్దుచేసింది. నీరటి, మస్కూరి పనోళ్లు మాత్రం మిగిలారు. గ్రామ సేవకులన్నారు, తర్వాత వీఆర్ఏలన్నారు. పిలిస్తే ఉరకడం తప్పలేదు.

2023లో తెలంగాణ ప్రభుత్వం వీఆర్ఏ వ్యవస్థను తీసేసి, చదువును బట్టి వాళ్లను వేర్వేరు శాఖల్లో సర్దింది. తక్కువ చదివినోళ్లు కొందరు నీటిపారుదల శాఖలో లస్కర్లయ్యారు. అంటే మళ్లీ నీళ్ల కాపలాయే! తాతల అనుభవాన్ని అర్హతగా ఎవరూ లెక్కపెట్టలేదు.

ఈ పనిని దళితులు అసహ్యించుకున్నారని రాస్తే సగమే నిజం. పెద్దోళ్లను కదిలిస్తే ముందు వెట్టి బాధలే చెప్తారు. తూము సంగతికొచ్చేసరికి గొంతు మారుతుంది.