అమ్మాయిల బడి, అబ్బాయిల బడి

డబ్లిన్‌లో మన తెలుగువాళ్ళు ఇల్లు కొనేముందు రెండు విషయాలు ఆరా తీస్తారు. ఒకటి బస్సు. రెండోది, దగ్గర్లో ఉన్న సెకండరీ స్కూలు గర్ల్స్‌దా, బాయ్స్‌దా, మిక్స్‌డా అని. ఇక్కడ సెకండరీ స్కూళ్ళలో దాదాపు మూడోవంతు ఇప్పటికీ అయితే ఆడపిల్లలవి, లేకపోతే మగపిల్లలవి. జిల్లా పరిషత్ గర్ల్స్ హైస్కూళ్ళు చూసి పెరిగిన మనకి ఇది వింత కాదు గానీ, యూరప్‌లో మాత్రం అరుదే.

దీని వెనక కథ పాతది. 1775లో కార్క్ నగరంలో నానో నేగల్ అనే ఆవిడ ప్రెజెంటేషన్ సిస్టర్స్‌కి పునాది వేసింది. 1802లో వాటర్‌ఫర్డ్‌లో ఎడ్మండ్ రైస్ మగపిల్లల కోసం బడి తెరిచాడు. అదే తర్వాత క్రిస్టియన్ బ్రదర్స్ అయింది. అలా ఆడపిల్లలు నన్స్ దగ్గర, మగపిల్లలు బ్రదర్స్ దగ్గర చదువుకున్నారు. 1878 ఇంటర్మీడియట్ చట్టం పబ్లిక్ పరీక్షలు పెట్టి, అమ్మాయిల్ని కూడా రాయనిచ్చింది. ఆ రోజుల్లో అదేమీ చిన్న సంగతి కాదు. అయితే పిల్లలు తెచ్చుకున్న ఫలితాల్ని బట్టి స్కూళ్ళకి డబ్బు ఇచ్చేవారు. ఇక మార్కుల పిచ్చి ఎక్కడ మొదలైందో వేరే చెప్పాలా! 1967లో సెకండరీ చదువు ఉచితమై పిల్లలు వెల్లువలా వచ్చారు. బడిలో బెత్తం మాత్రం 1982 దాకా పోలేదు.

కలిపి చదివిస్తే ఆడపిల్లలు నష్టపోతారన్న వాదన ఇక్కడ చాలాకాలం నడిచింది. 1996లో ఈఎస్‌ఆర్‌ఐ పరిశోధకులు డేమియన్ హానన్, ఈమర్ స్మిత్ తదితరులు లెక్కలు తీసి ఒక పుస్తకం వేశారు. పిల్లల కుటుంబ నేపథ్యం, అంతకుముందు చదువు లెక్కలోకి తీసుకున్నాక, బడి ఏ రకమన్నది పెద్ద తేడా చూపలేదు. తేడా కనిపించింది అమ్మాయిలకీ అబ్బాయిలకీ మధ్య. పరీక్షల ఒత్తిడి అమ్మాయిల్లో ఎక్కువ. తమ రూపం గురించిన అసంతృప్తీ వాళ్ళలోనే ఎక్కువ.

2012లో, మళ్ళీ 2019లో, డబ్లిన్ యూసీడీవాళ్ళు భాగస్వాములుగా మై వరల్డ్ సర్వే జరిగింది. రెండోసారి 19 వేల మందికి పైగా పిల్లలు, యువకులు పాల్గొన్నారు. ఆ ఏడేళ్ళలో ఆందోళన పెరిగింది, అమ్మాయిల్లో మరీనూ. అబ్బాయిలు బాగున్నారనుకుంటే పొరపాటు. కష్టం వస్తే ఎవరితోనన్నా చెప్పుకోవడం వాళ్ళకి తక్కువ. ఐర్లండ్‌లో ఆత్మహత్యాప్రయత్నం 1993 దాకా నేరమే. చనిపోయినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ.

మన ఇళ్ళ సంగతి చూడండి. అమ్మాయి ఏడిస్తే ఏమైందని అడుగుతాం. అబ్బాయి గది తలుపేసుకుంటే చదువుకుంటున్నాడని సంబరపడతాం. నేను ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి, మనస్తత్వ శాస్త్రం చదవలేదు. అయినా ఆ సర్వేలో ఒక్క మాట నాకు బాగా నచ్చింది: నమ్మి మాట చెప్పుకోగల పెద్దమనిషి ఒక్కరున్నా పిల్లలు మెరుగ్గా నిలదొక్కుకుంటున్నారట. ఆ పెద్దమనిషి అమ్మానాన్నలే కానక్కర్లేదు.

1974లో విద్యామంత్రి రిచర్డ్ బర్క్ ట్రాన్సిషన్ ఇయర్ అని ఒకటి మొదలుపెట్టాడు. జూనియర్ సైకిల్ అయ్యాక, పబ్లిక్ పరీక్ష గోల లేని ఒక ఏడాది. మనవాళ్ళలో చాలామంది దండగ అంటారు. లీవింగ్ సర్ట్ 625 పాయింట్లకి ఒక ఏడాది వెనకబడతారని వాళ్ళ బెంగ. మావాడు ఆ ఏడాది నాటకానికి సెట్లు మోశాడు, ఒక వృద్ధాశ్రమంలో టీ కప్పులు కడిగాడు. రాత్రి భోజనాల దగ్గర కబుర్లు చెప్పడం అప్పుడే మొదలైంది. వచ్చే సెప్టెంబరుకి మా అమ్మాయి వంతు. వాళ్ళమ్మ వద్దంటోంది, నేను కావాలంటున్నాను. అమ్మాయిని ఇంకా అడగలేదు.